టెక్ సందేహాలు: పొద్దున వదిలే టూల్ మధ్యాహ్నం ఎందుకు వదలదు?

ఈ వారం ఫోన్లు, ల్యాప్‌టాప్‌ల ప్రశ్నలు పక్కన పెట్టాను. చెక్కపని షెడ్ల నుంచి వచ్చిన ఉత్తరాల్లో నాలుగింటిది ఒకటే గొడవ, గాలి. టూల్‌ని (కోసే కట్టర్‌ని) తనంతట తానే మార్చుకునే స్పిండిల్, అంటే ఆ టూల్‌ని పట్టి తిప్పే భాగం, ఉన్న సీఎన్‌సీ రౌటర్లు (కంప్యూటర్ నడిపే చెక్క కోత మిషన్లు) కొన్నవాళ్లు మిషన్ గురించి నెలల తరబడి వాకబు చేస్తారు. కంప్రెషర్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం "ఏదో ఒకటి పెట్టేద్దాంలే" అంటారు. అవస్థంతా అక్కడే మొదలవుతోంది.

ప్రశ్న: విజయవాడ ఆటోనగర్‌లో మాడ్యులర్ కిచెన్ల షెడ్డు నడుపుతున్నాను. 2 హెచ్‌పీ కంప్రెషర్, 100 లీటర్ల ట్యాంకు ఉన్నాయి. పొద్దున పూట టూల్ చక్కగా మారుతోంది. మధ్యాహ్నం అయ్యేసరికి స్పిండిల్ టూల్‌ని వదలదు, అలారం కొట్టి మిషన్ ఆగిపోతుంది. ట్యాంకు గేజ్ చూస్తే 7 కేజీలు ఉంటోంది. పెద్ద కంప్రెషర్ కొనమని మెకానిక్ సలహా. నిజంగా కొనాలా? అన్నట్టు, వానలు మొదలైనప్పటి నుంచి టూల్ మార్చేటప్పుడు స్పిండిల్ నోట్లోంచి నీటి తుంపర కూడా పడుతోంది.

జవాబు: "అన్నట్టు" అని చివర్లో రాసిన నీటి సంగతే అసలు ప్రమాదం. కానీ టూల్ వదలకపోవడం ఇప్పుడు మీ టెన్షన్ కాబట్టి ముందు దాన్ని తేల్చేద్దాం.

స్పిండిల్ లోపల టూల్‌ని పట్టి ఉంచేది గాలి కాదు, స్ప్రింగులు. పళ్లెంలా కాస్త వంపు తిరిగిన ఉక్కు వాషర్లను ఒకదానిమీద ఒకటి పేర్చిన స్ప్రింగులవి. అవి డ్రాబార్ అనే కడ్డీని ఎప్పుడూ పైకి లాగుతుంటాయి. డ్రాబార్ కొసన ఉన్న గ్రిప్పర్ టూల్ హోల్డర్ పైనున్న పుల్ స్టడ్ అనే గుబ్బని పట్టుకుంటుంది. గాలి వచ్చి పిస్టన్‌ని కిందికి తోసి ఆ స్ప్రింగుల్ని అణిచినప్పుడే పట్టు వదులుతుంది. చాలా స్పిండిళ్లు ఈ పనికి 6 బార్, అంతకు కాస్త పైన అడుగుతాయి. 5 బార్ ఇస్తే పని నూటికి ఎనభై వంతులు అవుతుందనుకోకండి. స్ప్రింగు సగం అణిగి ఆగిపోతుంది, టూల్ అసలు రాదు. షెడ్డులో కేజీ అన్నా, మాన్యువల్లో బార్ అని రాసినా మన పనికి రెండూ ఒకటే అనుకోవచ్చు. పీఎస్ఐ కావాలంటే బార్‌ని 14.5తో గుణించండి.

మీరు చూస్తున్న 7 కేజీలు ట్యాంకు దగ్గరివి. అక్కడి నుంచి స్పిండిల్ దాకా ఫిల్టరు, రెగ్యులేటరు, పది మీటర్ల పైపు, కరెంటుతో తెరుచుకునే సోలెనాయిడ్ వాల్వు దాటుకుని రావాలి. గాలి కదలనంత సేపూ అన్నిచోట్లా ఒకే ప్రెషర్ కనబడుతుంది. కదిలిన క్షణంలోనే అసలు లెక్క బయటపడుతుంది. చిన్న పరీక్ష చేయండి. స్పిండిల్ ఆపేసి, టూల్ రిలీజ్ పైపు స్పిండిల్‌లోకి వెళ్లే చోట ఒక టీ జాయింట్ వేసి చిన్న గేజ్ బిగించండి. ఒకరు టూల్‌ని చేత్తో పట్టుకుని రిలీజ్ బటన్ నొక్కాలి, ఇంకొకరు ముల్లునే చూస్తుండాలి. ముల్లు ఒక్క ఊపున 6 దాటితే మీ పైపులు బాగున్నట్టే. 4 దగ్గర తడబడి, ఆ తర్వాత మెల్లమెల్లగా పైకి ఎక్కుతుంటే దారిలో ఏదో గొంతు నొక్కుతోంది. ఎక్కువసార్లు ఆ నేరం నీళ్లు నిండిన ఫిల్టరుది, లేకపోతే సన్నటి 6 మి.మీ. పీయూ (పాలీయురేథేన్ ప్లాస్టిక్) పైపుది. ఒక్క రిలీజ్ లైనుకి మట్టుకు 10 మి.మీ. పైపు వేయండి. పెద్ద ఖర్చు లేని పని.

మరి పొద్దున ఎందుకు బాగుంటోంది? దానికి మీ షెడ్డులో ఒక ముద్దాయి ఉన్నాడని నా అనుమానం, పొడి ఊదే గన్. మధ్యాహ్నానికి కట్ చేసిన ప్యానెళ్లు పేరుకుంటాయి, కుర్రాళ్లు గన్ తీసుకుని ఎండీఎఫ్ (చెక్క నారని అదిమి చేసిన బోర్డు) పొడి ఊదడం మొదలుపెడతారు. 2 మి.మీ. రంధ్రం ఉన్న గన్ 6 బార్ దగ్గర నిమిషానికి 200 లీటర్ల పైనే గాలి తాగుతుంది. మీ 2 హెచ్‌పీ పిస్టన్ కంప్రెషర్ 7 బార్ దగ్గర నిజంగా ఇచ్చేది అటూఇటూగా 150 లీటర్లు. డబ్బా మీద రాసిన అంకె ఇంకా పెద్దగా ఉంటుంది కానీ అది పిస్టన్ కొలత లెక్క, చేతికొచ్చే గాలి కాదు. ట్యాంకులో నిల్వ కూడా మీరనుకున్నంత ఉండదు. 8 నుంచి 6 బార్‌కి దిగే లోపు 100 లీటర్ల ట్యాంకు ఇచ్చేది 200 లీటర్ల గాలే. రెండు గన్లు ఒకేసారి నొక్కారంటే నిమిషం లోపే అయిపోతుంది. సరిగ్గా అప్పుడే మిషన్ టూల్ మార్చబోతే అలారం రాక ఏమవుతుంది?

కాబట్టి మీ కంప్రెషర్ చిన్నది కావడం కాదు, దాన్ని పంచుకునేవాళ్లు ఎక్కువ. కొత్తది కొనే ముందు ఇది చేసి చూడండి. మిషన్ పక్కనే ఇరవై, ముప్ఫై లీటర్ల చిన్న ట్యాంకు పెట్టి, దాని ముందు నాన్ రిటర్న్ వాల్వు వేయండి. గన్లు, మేకులు కొట్టే నెయిలర్లు ఆ వాల్వుకి ముందే కలపండి. అవి పెద్ద ట్యాంకుని ఎంత ఖాళీ చేసినా చిన్న ట్యాంకులో గాలి వెనక్కి పోదు. కంప్రెషర్ స్విచ్ 5.5 దగ్గర ఆన్ అయ్యేలా ఉంటే దాన్ని 6.5కి, 7కి జరిపించండి. ట్యాంకు, సేఫ్టీ వాల్వు తట్టుకునే హద్దులోనే సుమా. స్పిండిల్‌కి మాత్రం మాన్యువల్లో చెప్పిన గరిష్ఠం దాటి ఇవ్వకండి. "వదలడం లేదు కదా, పది పెట్టేద్దాం" అంటే పిస్టన్ సీళ్లు పోతాయి.

ఇంకో మాట. అలారం విసిగిస్తోందని కొందరు సెన్సార్‌ని బైపాస్ చేసి, డిలే పెంచేసి నడిపిస్తారు. టూల్ వదిలిందో లేదో తెలియకుండా జెడ్ యాక్సిస్ (స్పిండిల్‌ని పైకీ కిందికీ కదిపే భాగం) పైకి లేచిందంటే టూళ్లు పెట్టే మ్యాగజైన్ ఫోర్కు దానితో పాటే లేచొస్తుంది. ఆ పని వద్దు. పైగా చిన్న ట్యాంకు తర్వాత ఒక ప్రెషర్ స్విచ్ పెట్టించి, 6 కంటే తగ్గితే టూల్ మార్పు మొదలే కాకుండా కంట్రోలర్‌కి కలిపించండి.

ఇక నీళ్లు. ఇది ఒక్కసారి లెక్క వేసి చూస్తే మళ్లీ జన్మలో మర్చిపోరు. వానాకాలంలో కృష్ణా ఒడ్డున 30 డిగ్రీలు, 80 శాతం తేమ అంటే మామూలు రోజే. ఆ గాలి ఒక ఘనపు మీటరులో సుమారు 24 గ్రాముల నీరు ఆవిరిగా ఉంటుంది. దాన్ని గేజ్ మీద 7 బార్‌కి నొక్కామంటే, బయటి గాలి ఒత్తిడి 1 బార్ కూడా కలుపుకుని, ఎనిమిది ఘనపు మీటర్లు ఒక్క ఘనపు మీటరులో ఇరుక్కుంటాయి. అంటే 190 గ్రాముల పైన నీరు. అదే 30 డిగ్రీల దగ్గర ఒక ఘనపు మీటరు మోయగలిగింది 30 గ్రాములే. మిగతాదంతా నీళ్లయి తీరాలి. నిమిషానికి సగటున 100 లీటర్ల చొప్పున ఎనిమిది గంటలు నడిస్తే రోజూ లీటరుకి దగ్గరగా నీళ్లు తయారవుతాయి. ట్యాంకు అడుగున ఉన్న కుళాయి చివరిసారి ఎప్పుడు తిప్పారు? ఇవాళ సాయంత్రం కింద బకెట్ పెట్టి తిప్పండి. ముందు తుప్పు రంగు నీళ్లు, ఆ తర్వాత పాలలా తెల్లగా నూనె కలిసిన నీళ్లు రావచ్చు. మీ స్పిండిల్‌కి పోతున్నది అదే.

ఆ నీళ్లు చేసే చెడు టూల్ రిలీజ్ దగ్గర ఆగదు. స్పిండిల్‌లోకి గాలి ఇంకో రెండు పనుల మీద కూడా వెళ్తుంది. టూల్ మారే సమయంలో కోన్ (టూల్ హోల్డర్ కూర్చునే చోటు) మీది పొడిని ఊదేది ఒకటి. తడి గాలితో ఊదితే పొడి పోకపోగా ఎండీఎఫ్ పిండి పేస్టులా అంటుకుంటుంది. టూల్ కొంచెం ఒరిగి కూర్చుంటుంది, కట్ అంచు గరుగ్గా వస్తుంది. రెండోది ఎయిర్ సీల్. స్పిండిల్ మూతి దగ్గర సన్నటి సందులోంచి గాలి ఎప్పుడూ బయటికి వస్తూ, నిమిషానికి 24,000 చుట్లు తిరిగే బేరింగుల్లోకి పొడి దూరకుండా కాపలా కాస్తుంది. నీళ్లు చేరితే ఆ కాపలావాడే దొంగ. గ్రీజు కొట్టుకుపోయి, బంతులు తిరిగే గాడి తుప్పుపట్టి, కొన్ని నెలల్లో స్పిండిల్ ఈల వేయడం మొదలవుతుంది.

అందుకని ట్యాంకు తర్వాత నీటిని పట్టే ఫిల్టరు, దాని తర్వాత రిఫ్రిజిరేటెడ్ డ్రయర్, ఆ తర్వాత నూనె తుంపరని పట్టే సన్న ఫిల్టరు, ఆ పైన రెగ్యులేటర్లు. డ్రయర్ గాలిని 3 డిగ్రీల దాకా చల్లబరిచి నీటిని పిండేస్తుంది. ఐఎస్ఓ 8573 ప్రమాణంలో నీటికి 4వ తరగతి అంటే ఇదే. కొనేటప్పుడు ఒకటి గమనించండి. కేటలాగులో రాసే కెపాసిటీ చాలాసార్లు లోపలికొచ్చే గాలి 35 డిగ్రీలు, గది 25 డిగ్రీలు అనే లెక్క మీద ఉంటుంది. మే నెలలో మీ రేకుల షెడ్డు 25 డిగ్రీలు ఉంటుందా? సరిపోతుందన్న దానికంటే ఒకటి రెండు సైజులు పెద్దది తీసుకోండి. డబ్బు ఒక్కదానికే ఉందంటే పెద్ద కంప్రెషర్ కంటే డ్రయరే కొనమంటాను.

ఎయిర్ సీల్‌కి విడిగా రెగ్యులేటరు ఉండాలి. ఒక స్పిండిల్‌కి 1 బార్ చాలు, ఇంకో స్పిండిల్‌కి 4 కావాలి, మీ మాన్యువల్ చూడండి. స్పిండిల్ ఆగీ ఆగగానే సీల్ గాలి కట్టేయకండి. వేడిగా ఉన్న స్పిండిల్ చల్లారేటప్పుడు చుట్టూ ఉన్న తేమనీ పొడినీ లోపలికి పీల్చుకుంటుంది. పది నిమిషాలు వదిలేయండి.

ప్రశ్న: ఆయిల్ ఫ్రీ కంప్రెషర్ తీసుకున్నాను. డ్రయర్ అక్కర్లేదు కదా? (జీడిమెట్ల)

జవాబు: నూనె లేదు సరే, నీళ్లు ఎక్కడికి పోతాయి? అది పీల్చేది జీడిమెట్ల గాలినే. నూనె ఫిల్టరు తొందరగా మార్చే పని తప్పుతుంది, అంతే. డ్రయర్ కావాలి.

ప్రశ్న: ఫిల్టరు, రెగ్యులేటరు, ఆయిల్ గిన్నె మూడూ కలిసిన ఎఫ్ఆర్ఎల్ ఇచ్చారు. ఆయిల్ గిన్నె ఖాళీగా ఉంది. ఏ నూనె పోయాలి?

జవాబు: ఏదీ పోయకండి. స్పిండిల్ లైనులో ఆ మూడో గిన్నె ఉండకూడదు, విప్పించేయండి. ఆ గిన్నె గాలితో నడిచే గ్రైండర్లకి, స్క్రూ గన్లకి. తెలిసినవాళ్ల షెడ్డులో ఒకసారి చూశాను. శ్రద్ధగల ఆపరేటరు వారం వారం ఆ గిన్నెలో కుట్టుమిషన్ నూనె నింపేవాడు. స్పిండిల్ కోన్ లోపల వేలు పెడితే గోధుమ రంగు జిగురు వచ్చింది. పాపం, మిషన్‌ని ప్రేమగా చూసుకుంటున్నాననే అతననుకున్నాడు.

ప్రశ్న: స్పిండిల్ తిరుగుతుండగా కరెంటు పోయి, గాలి కూడా అయిపోతే టూల్ ఊడి పడిపోతుందా? ఇంకోటి, గాలి లైను మొత్తం పీవీసీ పైపుతో వేయించాను, బాగానే ఉంది. (నిజామాబాద్)

జవాబు: టూల్ పడదు. పైన చెప్పినట్టు పట్టుకునేవి స్ప్రింగులు, గాలి పోతే పట్టు సడలదు. రిలీజ్ వాల్వు మాత్రం కరెంటు లేనప్పుడు మూసుకుని, లైనులోని గాలిని బయటికి వదిలేసే రకం కావాలి. దాని సైలెన్సర్ చెక్కపొడితో మూసుకుపోతే గాలి బయటికి పోక టూల్ ఆలస్యంగా బిగుస్తుంది. నెలకోసారి విప్పి కడగండి.

మీరు భయపడాల్సింది రెండో దానికి. పీవీసీ పైపు నీళ్లకి పనికొస్తుంది, నొక్కి ఉన్న గాలికి పనికిరాదు. నీటి పైపు పగిలితే నీళ్లు కారతాయి. గాలి పైపు పగిలితే ముక్కలు కత్తుల్లా ఎగురుతాయి. ఎండకీ, ఏళ్లకీ ఆ ప్లాస్టిక్ పెళుసెక్కుతుంది, ఇవాళ బాగున్నది రేపటికి హామీ కాదు. గాలి కోసమే తయారైన అల్యూమినియం పైపు మంచిది. అంత ఖర్చు వద్దనుకుంటే జీఐ (జింకు పూత ఉన్న ఇనుప పైపు) వేయించండి, లోపల తుప్పు రాలుతుంది కాబట్టి మిషన్ ముందు ఫిల్టరు తప్పనిసరి. ఏ పైపైనా కొంచెం వాలుగా వేసి, మిషన్‌కి కొమ్మ తీసేటప్పుడు పైపు పైభాగం నుంచి తీయమనండి. అడుగున నిలిచిన నీళ్లు మిషన్ దాకా రావు. వాలు దిగిన చివర ఒక డ్రెయిన్ కుళాయి పెట్టించండి.