ఇంటి రీడింగులు, ఆస్పత్రి కాగితాలు: మీ ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మా మామగారికి 68 ఏళ్లు. హిందూపురం నుంచి బెంగళూరు మా దగ్గరికి వచ్చేశారు. బీపీ మిషన్‌లో ఒకసారి 152 చూపిస్తుంది, పది నిమిషాలాగి చూస్తే 134. డాక్టరుగారు రీడింగులు రాసుకు రమ్మన్నారు. ఏది రాయాలి? (ఓ కోడలు, మారతహళ్లి)

జవాబు: రెండూ రాయండమ్మా. బీపీ నిమిష నిమిషానికీ మారుతుంది. అందుకే ఒక్క అంకె చూసి మందు మార్చరు, సగటు చూస్తారు. ఆ సగటు నమ్మదగ్గదిగా ఉండాలంటే రోజూ ఒకే తీరున కొలవాలి.

ముందుగా మిషన్‌తో వచ్చే, చేతికి చుట్టే పట్టీ చూడండి. మామగారి జబ్బ మధ్యలో చుట్టుకొలత టేపుతో కొలిచి, పట్టీ మీద ముద్రించిన సెంటీమీటర్లతో సరిపోల్చండి. లావు చేతికి చిన్న పట్టీ చుడితే లేని బీపీ కనిపిస్తుంది. ఇళ్లలో తరచూ జరిగే పొరపాటిదే. పట్టీని చొక్కా మీద కాకుండా ఒంటి మీదే చుట్టాలి. మొదటిసారి రెండు చేతులకూ చూసి, ఎక్కువ వచ్చిన చేతికే ఆ తర్వాత ఎప్పుడూ చూడండి.

కాఫీ, టీ, సిగరెట్ అయ్యాక అరగంట ఆగాలి. మూత్రం ఆపుకొని కూర్చోకూడదు. వీపు కుర్చీకి ఆనించి, పాదాలు నేలకు ఆనించి, కాలు మీద కాలు వేయకుండా 5 నిమిషాలు ఊరికే కూర్చోవాలి. చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద ఉండాలి. మిషన్ నడుస్తున్నంతసేపూ ఎవరూ పలకరించకండి, మాట్లాడితే అంకె పెరుగుతుంది. కూర్చున్న ప్రతిసారీ నిమిషం తేడాతో రెండుసార్లు చూడాలి. పొద్దున మాత్రకీ టిఫినుకీ ముందు ఒకసారి, రాత్రి భోజనానికి ముందు ఒకసారి, ఇలా 7 రోజులు. మొదటి రోజువి వదిలేస్తే 24 రీడింగులు మిగులుతాయి. వాటి సగటు 135/85 గానీ అంతకు మించి గానీ ఉంటే ఎక్కువ కిందే లెక్క. ఆస్పత్రిలో 140/90 అన్న హద్దును ఇంటి రీడింగులకు పెట్టుకోకండి.

కాగితం మీద తేదీ, సమయం, పై అంకె, కింది అంకె, నాడి, మాత్ర వేసుకున్నారా లేదా అన్నవి రాయండి. సగటు మాత్రం అన్నింటికంటే పైన, పెద్దగా. ఓపీలో డాక్టరుకు మీ కోసం దొరికేది కొద్ది నిమిషాలే, ఆయన కన్ను ముందు దాని మీదే పడాలి. 138 వస్తే 140 అని సర్దకండి. లేచి నిలబడితే కళ్లు తిరుగుతున్నాయంటే, నిలబడిన 1 నిమిషానికీ 3 నిమిషాలకీ చూడండి. పై అంకె 20 పడిపోతే ఆ సంగతి తప్పక చెప్పాలి. ఈ వయసులో పడి తుంటి విరగ్గొట్టుకునే ప్రమాదం చిన్నది కాదు. గుండె లయ తప్పి కొట్టుకునే వారికి ఈ మిషన్లు తప్పు చూపవచ్చు. అలాంటి జబ్బుంటే ముందే అడగండి. బీపీ 180/120 దాటి, ఛాతీలో నొప్పి, ఆయాసం, మాట తడబడటం, ఒక పక్క బలహీనత వంటివి ఉంటే ఇక కొలుస్తూ కూర్చోకుండా 108కి ఫోన్ చేయండి.

ప్రశ్న: అమ్మ ఇన్సులిన్ మీద ఉన్నారు. చేతికి 14 రోజుల షుగర్ సెన్సర్ పెట్టారు. రాత్రి 2 గంటలకు 58 అని ఫోన్ మోగింది. వేలి నుంచి రక్తం తీసి చూస్తే 104. ఏది నమ్మాలి? (ఓ పాఠకుడు, కె.ఆర్.పురం)

జవాబు: ఆ రాత్రికి వేలి రీడింగే నమ్మాలి. అమ్మగారు సెన్సర్ ఉన్న చేతి మీద ఒత్తిగిలి పడుకుని ఉండవచ్చు. అక్కడ చర్మం నొక్కుకుపోతే సెన్సర్ తక్కువ చూపిస్తుంది. గ్రాఫులో గీత నిట్టనిలువునా పడి, పక్కకు తిరగ్గానే మళ్లీ లేస్తే కారణం అదేనని ఊహించవచ్చు. పైగా సెన్సర్ కొలిచేది రక్తాన్ని కాదు, చర్మం కింది ద్రవాన్ని. అందుకని రక్తం కంటే కొన్ని నిమిషాలు వెనకబడుతుంది. పెట్టిన మొదటి రోజు అంకెలు అంత కచ్చితంగా ఉండవు. విటమిన్ సి మాత్రలు పెద్ద మోతాదులో వేసుకుంటే కొన్ని సెన్సర్లలో అంకె పెరుగుతుంది. అయినా ఒకటి గుర్తుంచుకోండి: చెమటలు, వణుకు, తికమక ఉంటే పరీక్షల కోసం ఆగకండి. స్పృహలో ఉండి మింగగలిగితే మూడు టీస్పూన్ల చక్కెర నీళ్లలో కలిపి తాగించి, 15 నిమిషాల తర్వాత వేలి రీడింగు చూడండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయాలి.

డాక్టరుకు 14 రోజుల రిపోర్టు పంపేముందు, కనీసం 70 శాతం సమయం రీడింగులు పడ్డాయా చూడండి. ఫోన్‌తో స్కాన్ చేసే రకం సెన్సర్లలో చాలావాటికి 8 గంటలవే గుర్తుంటాయి, రాత్రంతా స్కాన్ చేయకపోతే ఆ భాగం ఖాళీ. సంగటి ఎప్పుడు తిన్నారు, ఎన్ని యూనిట్లు వేశారు, ఎప్పుడు నడిచారు అన్నవి యాప్‌లో రాస్తేనే గీత ఎందుకు లేచిందో తెలుస్తుంది. చాలామందికి షుగర్ 70 నుంచి 180 మధ్య 70 శాతం సమయం ఉండాలన్నది లక్ష్యం. షుగర్ పడిపోయే ముప్పున్న పెద్దవాళ్లకు 50 శాతం దాటితే చాలు, కానీ 70 కింద 1 శాతం కూడా ఉండకూడదు.

ప్రశ్న: నాన్నగారి రిపోర్టులు అనంతపురంలో కొన్ని, బెంగళూరులో కొన్ని, వాట్సాప్‌లో ఇంకొన్ని. ఆభా కార్డు తీసుకుంటే అన్నీ ఒకచోటికి వస్తాయా? వాటిని అందరూ చూసేస్తారా? (ఓ పాఠకురాలు, బనశంకరి)

జవాబు: వాటంతట అవి రావు. ఆభా అంటే ఆరోగ్య రికార్డుల కోసం ఇచ్చే 14 అంకెల గుర్తింపు సంఖ్య. రికార్డు ఆస్పత్రి దగ్గరే ఉంటుంది, ఆ ఆస్పత్రి ఆభాతో జోడించాకే మీ ఫోన్‌లోని ఆభా యాప్‌లో కనిపిస్తుంది. పేరు స్పెల్లింగు, పుట్టిన సంవత్సరం, మొబైల్ నంబరు ఆస్పత్రి పుస్తకంలో వేరేగా ఉంటే జోడింపు కుదరదు, రిజిస్ట్రేషన్ కౌంటర్లోనే సరిచేయించండి. పాత కాగితాలను పీడీఎఫ్ చేసి మీరే ఎక్కించుకోవచ్చు. కొత్త డాక్టరు మీ అనుమతి అడిగి, ఒప్పుకున్న తేదీల రికార్డులే చూస్తారు. ఆ అనుమతి వెనక్కీ తీసుకోవచ్చు. ఇది ఆయుష్మాన్ భారత్ బీమా కార్డు కాదు, చికిత్స ఖర్చు దీంతో రాదు. ఫోన్ చేసి ఓటీపీ అడిగినవాళ్లకు చెప్పకండి.

యాప్ ఉన్నా లేకున్నా ఒక్క పేజీ రాసి పెట్టుకోండి: జబ్బులు ఏ సంవత్సరం నుంచి, మందుల అసలు పేర్లు, మోతాదులు, పడని మందులు, ఆపరేషన్లు, చివరి క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష), హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు) తేదీలతో సహా. రక్తహీనత ఉంటే హెచ్‌బీఏ1సీ పక్కన హిమోగ్లోబిన్ కూడా రాయండి, ఆ మూడు నెలల సగటును రక్తహీనత తప్పుదారి పట్టించగలదు. స్కానింగులకు ఫిల్మ్ ఫొటో పనికిరాదు, డైకామ్ ఫైళ్లు (స్కాన్ అసలు బొమ్మలు) ఉన్న సీడీ అడిగి తీసుకోండి. పాత ఆస్పత్రి కాగితాలు ఇవ్వకపోతే రాతపూర్వకంగా అడగండి. 2002 నాటి వైద్య మండలి నియమావళి ప్రకారం 72 గంటల్లో ఇవ్వాలి. ఇన్‌పేషెంట్ రికార్డులు దాచాల్సిన గడువు అందులో 3 ఏళ్లే, కాబట్టి పాతవాటి కోసం ఈ వారమే అడగండి.