పక్క బెర్తు ఆడవాళ్లదేనా?

(ఒంటరిగా ప్రయాణాలు చేసే మహిళల ప్రశ్నలకు, రిజర్వేషన్ కౌంటర్‌లో ముప్పై ఒక్క ఏళ్లు పనిచేసి రిటైరైన రైల్వే ఉద్యోగిని జవాబులు)

కౌంటర్‌లో ఉన్నన్నాళ్లూ ఒక ప్రశ్న వింటూనే ఉన్నాను. ఫారం లోపలికి తోసి, అద్దానికున్న కన్నం దగ్గరికి మొహం వంచి, వెనక క్యూలో ఉన్నవాళ్లకు వినపడకుండా అడిగేవారు: "మేడమ్, పక్క బెర్తు ఆడవాళ్లదేనా?" ఆ సంగతి నా కంప్యూటర్‌లో కనిపించేది కాదు. "చెప్పలేనమ్మా" అని టికెట్ చేతిలో పెట్టి పంపేసేదాన్ని. వెనక క్యూ పెద్దది, ఆగి మాట్లాడే తీరిక ఉండేది కాదు. ఇప్పుడు ఉంది. ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో మూడింటికి జవాబు రాస్తున్నాను.

*

ప్రశ్న: అమ్మా, నమస్కారం. నాకు 53 ఏళ్లు. మావారు పోయి నాలుగేళ్లయింది. ఇద్దరం కాశీ వెళ్లాలని ఎన్నోసార్లు అనుకున్నాం, కుదరలేదు. ఇప్పుడు నేనొక్కదాన్నే వెళ్లొస్తానంటే మా అబ్బాయి "సెలవు దొరకగానే నేనే తీసుకెళ్తా" అంటాడు. మూడేళ్లుగా ఆ సెలవు దొరకలేదు. కోడలు మంచిదే, కానీ "నలుగురూ మమ్మల్ని అంటారు అత్తయ్యా" అంటోంది. నాకు హిందీ రాదు. ఆశా ఉంది, భయమూ ఉంది. వెళ్లమంటారా?
– ఒక సోదరి, తాడేపల్లిగూడెం

జవాబు: వెళ్లండి చెల్లెమ్మా. కాశీలో ఘాట్ల మెట్లు చాలా ఉంటాయి, మోకాళ్లు మాట వింటున్నప్పుడే దిగాలి. అబ్బాయి సెలవు కోసం ఇంకో మూడేళ్లు ఆగమని నేను చెప్పలేను.

ముందు టికెట్ సంగతి. 45 ఏళ్లు దాటిన ఆడవాళ్లు ఒక్కరే వెళ్తుంటే లోయర్ బెర్త్ కోటాలో టికెట్ తీసుకోవచ్చు. అరవై ఏళ్లు నిండితేనే అనుకుని ఎంతమంది మామూలు కోటాలో తీసుకుని, పై బెర్తు వచ్చిందని ఏడుపు మొహంతో వెనక్కి వచ్చేవారో! ఆన్‌లైన్‌లో తీసేవాళ్లకు 'లోయర్ బెర్త్ / సీనియర్ సిటిజన్' అన్న కోటా ఎంచమని చెప్పండి. అందులో లేకపోతే లేడీస్ కోటా చూడమనండి. దూరపు ఎక్స్‌ప్రెస్‌లలో స్లీపర్ క్లాసులో ఆరు బెర్తులు ఆడవాళ్లకని విడిగా ఉంచుతారు, దానికి వయసుతో పని లేదు.

మీరు విజయవాడ వచ్చి సంఘమిత్ర ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మధ్యలో మారే పని లేకుండా పండిట్ దీనదయాళ్ ఉపాధ్యాయ జంక్షన్‌లో దిగొచ్చు. 2018 దాకా దాని పేరు మొఘల్‌సరాయ్. మన పెద్దవాళ్లంతా ఆ పేరే చెబుతారు, కంగారు పడకండి, రెండూ ఒకటే. అక్కడి నుంచి కాశీ ఆటోలో వెళ్లే దూరమే. తెల్లవారకముందే రైలు దింపేస్తే మాత్రం వెంటనే బయటికి రావద్దు. వెయిటింగ్ హాల్లో ఆడవాళ్లు కూర్చున్న వైపు కూర్చుని, ముఖం కడుక్కుని, టీ తాగి, వెలుగొచ్చాక కదలండి. ఆ గంటన్నర ఆగడం వల్ల విశ్వనాథుడు ఎక్కడికీ పోడు.

దారిలో ఏ ఇబ్బంది వచ్చినా రైల్వే హెల్ప్‌లైన్ 139కి ఫోన్ చేయండి. బెర్తు మీద ఎవరో కూర్చుని లేవకపోయినా అది ఇబ్బందే, మొహమాటపడకండి. ఆ నంబరు గుర్తుండటానికి ఇంకో సంగతి చెబుతాను. రైల్వే చట్టంలో 139వ సెక్షన్ కూడా మనకోసమే ఉంది. మగతోడు లేని ఆడమనిషిని, టికెట్‌లో ఏ తేడా ఉన్నా సరే, రాత్రిపూట దారిలో ఏదో చిన్న స్టేషన్‌లో దించేయడానికి వీల్లేదు. దించాల్సే వస్తే ఆమె బయలుదేరిన చోటో, జంక్షన్‌లోనో, చివరి స్టేషన్‌లోనో, జిల్లా కేంద్రంలోనో దించాలి, అదీ పగటిపూటే. ఈ మాట తెలిసుంటే గుండె కొంచెం గట్టిగా ఉంటుంది.

ఇక గది. దీని మీద నేను ఎక్కువగా చెబుతాను, ఎందుకంటే దెబ్బ తిన్నది నేను. 2007లో ఒక పుణ్యక్షేత్రానికి ఒక్కదాన్నే వెళ్లాను. రాత్రి పదకొండింటికి సత్రం కౌంటర్‌లో ఉన్నాయన రిజిస్టర్ మూసేసి, "ఒంటరి ఆడవాళ్లకి గదులివ్వం" అన్నాడు. నా ఉద్యోగం కార్డు చూపించాను. దాని వైపు చూడనైనా చూడలేదు. ఎదురుగా ఉన్న లాడ్జిలోనూ అదే మాట. నా బ్యాగు పట్టుకుని మళ్లీ స్టేషన్‌కి నడిచి, లేడీస్ వెయిటింగ్ రూములో పడుకుని, పొద్దున్నే అక్కడే స్నానం చేసి గుడికెళ్లాను. దేవుడి ముందు నిలబడితే భక్తికి బదులు కోపమొచ్చింది. అందుకే చెబుతున్నాను, బయలుదేరక ముందే ఫోన్ చేసి, "నేను ఒక్కదాన్నే వస్తున్నాను, ఆడమనిషిని, గది ఇస్తారా" అని విడమరిచి అడగండి. సరేనన్నవాళ్ల పేరు, రోజు, టైము కాగితం మీద రాసుకోండి. కాశీలో మానస సరోవర్ ఘాట్ దగ్గర ఆంధ్రాశ్రమం ఉంది, కరివేనవారి సత్రం ఉంది. వాళ్ల నియమాలు వాళ్లనే అడిగి తెలుసుకోండి. ఆ చుట్టుపక్కల, కేదార్ ఘాట్ వైపు తెలుగు వినపడుతూనే ఉంటుంది. పూలమ్మేవాడు కూడా "రండమ్మా" అంటాడు. హిందీ రాదన్న దిగులు అక్కడ సగం పోతుంది.

మరొకటి, విశ్వనాథుడి గుడి లోపలికి ఫోన్ తీసుకెళ్లనివ్వరు, బయట లాకర్‌లో పెట్టాలి. ఫోన్ లేకపోతే మనకు సొంత కొడుకు నంబరు కూడా గుర్తుండదు కదా. అబ్బాయి నంబరు, సత్రం పేరు, సందు పేరు ఒక చిన్న కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి జాకెట్లో పెట్టుకోండి. హిందీలో కూడా ఎవరితోనైనా రాయించండి. దారి తప్పితే ఆ కాగితం చూపిస్తే చాలు, రిక్షా అబ్బాయి దించుతాడు. పూజకో పడవకో ఎవరైనా పిలిస్తే ఎక్కక ముందే, కూర్చోక ముందే ఎంతో అడగండి. తర్వాత అడిగితే గొడవే.

కోడలి మాట గురించి. ఆమెను తప్పు పట్టకండి, ఆ నలుగురి నోళ్లు నిజంగానే ముందు ఆమె మీదకే వస్తాయి. టికెట్ అబ్బాయి చేతే తీయించండి. బోగీ నంబరు, బెర్తు నంబరు, సత్రం ఫోన్ ఆమె చేతికివ్వండి. "అత్తయ్యని మేమే పంపించాం" అని ఆమె చెప్పుకోగలిగితే నలుగురికి అనడానికి ఏం మిగలదు. పొద్దున ఒక ఫోన్, సాయంత్రం ఒక ఫోన్ అని ముందే అనుకోండి. బల్లార్షా దాటాక కొండలు, అడవులు, సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది. ఫోన్ కలవకపోతే టెన్షన్ పడొద్దని ఇంట్లో ముందే చెప్పి బయలుదేరండి.

వెళ్లొచ్చి నాకు ఉత్తరం రాయండి. మావారికి ఇష్టమైన కాకరకాయ నేను కాశీలో వదిలేశాను. మీరేం వదిలారో చెప్పండి.

*

ప్రశ్న: ఆంటీ, నాకు 24 ఏళ్లు. గచ్చిబౌలిలో ఉద్యోగం, కూకట్‌పల్లిలో హాస్టల్. నెలకు రెండుసార్లు శుక్రవారం రాత్రి ప్రైవేటు బస్సులో ఒంగోలు వెళ్తాను. పోయిన నెల నార్కెట్‌పల్లి దాటాక వెనక సీటతను సీట్ల సందులోంచి చెయ్యి పెట్టాడు. మొదట బ్యాగేదో తగిలిందనుకున్నా. రెండోసారి అర్థమైంది. నోరు పెగల్లేదు. తెల్లారే దాకా బ్యాగు అడ్డం పెట్టుకుని కూర్చున్నా. ఇంట్లో చెప్పలేదు, చెబితే ఉద్యోగం మానేసి వచ్చెయ్ అంటారు. ఎందుకు అరవలేకపోయానా అని రోజూ నన్ను నేనే తిట్టుకుంటున్నా.
– పేరు రాయని పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: తల్లీ, ముందు ఆ తిట్టుకోవడం ఆపు. నీకో సంగతి చెబుతాను. 1993లో నేను ట్రైనింగ్‌కి రాత్రి రైల్లో వెళ్తున్నాను. ఒక మనిషి వచ్చి నా బెర్తు చివర, కాళ్ల దగ్గర కూర్చున్నాడు. నేను కాళ్లు ముడుచుకున్నాను, అతను ఇంకాస్త జరిగాడు. నేను మళ్లీ ముడుచుకున్నాను. సూట్‌కేసు గొలుసు చేతికి చుట్టుకుని, పైనున్న నీలం రంగు నైట్ ల్యాంపు వంక చూస్తూ తెల్లారగట్టాను. పొద్దున గొలుసు విప్పితే మణికట్టు మీద కడియం పెట్టినట్టు ఎర్రటి గీత. నేను రైల్వే ఉద్యోగిని. నా హ్యాండ్‌బ్యాగులో ఐడీ కార్డు ఉంది, ఆ రైల్లో టీసీ నాకు తెలిసినాయన. అయినా గొంతులోంచి మాట రాలేదు. మా అక్కకు ఈ సంగతి చెప్పడానికి నాకు పదకొండేళ్లు పట్టింది. నువ్వు నెలలోపే రాశావు.

శరీరం భయంతో బిగుసుకుపోవడం నీ చేతిలో లేదు. తప్పు ఆ చేతిది.

నువ్వు ఇప్పుడైనా ఫిర్యాదు చేయొచ్చు. భారతీయ న్యాయ సంహిత 74వ సెక్షన్ కింద ఇది నేరం, ఏడాది నుంచి ఐదేళ్ల దాకా జైలు. బస్సు అప్పుడు ఏ ఊళ్లో ఉందో, ఏ స్టేషన్ పరిధో నువ్వు తేల్చక్కర్లేదు. ఏ పోలీస్ స్టేషన్‌లోనైనా జీరో ఎఫ్ఐఆర్ రాసుకుని వాళ్లే పంపాలి. నీ మాట నమోదు చేసుకోవాల్సింది మహిళా పోలీసే. అతని పేరు తెలియదు కదా అనుకోకు. బస్సు, తారీఖు, సీటు నంబరు చెబితే చాలు, ఏ సీటు ఎవరి పేరు మీద బుక్ అయిందో, ఏ ఫోన్ నంబరు ఇచ్చారో రికార్డులో ఉంటుంది. నీ టికెట్ మెసేజ్ చెరిపేయకు. హైదరాబాద్‌లో 2014 నుంచి ఆడవాళ్ల రక్షణకని పోలీసుల షీ టీమ్స్ ఉన్నాయి, అక్కడికైనా వెళ్లు. వద్దనిపిస్తే అదీ నీ ఇష్టమే. కానీ తెలియక ఆగిపోకూడదని చెబుతున్నాను.

మళ్లీ అలాంటిది జరిగితే, "చెయ్యి తియ్!" ఈ రెండు మాటలు చాలు, బస్సంతా వినపడేలా. హాస్టల్లో తలుపేసుకుని నాలుగుసార్లు గట్టిగా అని చూడు. మొదటిసారి సిగ్గేస్తుంది. నాలుగోసారికి గొంతుకు అలవాటవుతుంది, అవసరమైనప్పుడు అదే వస్తుంది. తర్వాత లేచి డ్రైవర్ దగ్గరికి నడిచి, లైట్లు వేయమని, సీటు మార్చమని అడుగు. మార్చకపోతే అతని ముందే 112కి ఫోన్ చెయ్. టికెట్ తీసేటప్పుడే ముందు వరుసల్లో చూసుకో, లేదా పక్కన, వెనక ఆడవాళ్లకని గులాబీ రంగులో చూపించే సీట్లు ఉన్న చోట చూసుకో.

దిగే చోటు గురించి నువ్వు రాయలేదు కానీ నాకు తెలుసు. తెల్లవారుజామున బైపాస్ మీద దించేసి బస్సు నెల్లూరు వైపు వెళ్లిపోతుంది. చీకట్లో హైవే పక్కన, కుక్కలు, లారీలు. ఆర్టీసీ బస్సయితే బస్టాండు లోపలికి వెళ్తుంది. వంద రూపాయలు అటూఇటూ అయినా, సీటు కాస్త ఇరుకైనా, నేనైతే అందుకోసం ఆర్టీసీకే ఓటేస్తాను.

ఇంట్లో ఎవరో ఒకరికి చెప్పు. అందరికీ ఒకేసారి వద్దు, అన్నయ్యో పిన్నో ఎవరు ముందు నీ మాట పూర్తిగా వింటారనిపిస్తే వాళ్లకి. "ఇలా జరిగింది. ఉద్యోగం మానను. శనివారం తెల్లవారుజామున బస్టాండుకి వచ్చి నన్ను తీసుకెళ్లండి" అని చెప్పు. జరిగిందానితో పాటు వాళ్లేం చేయాలో కూడా నువ్వే చెబితే, వాళ్లు ఉద్యోగం దగ్గరికి వెళ్లకుండా బస్టాండు దగ్గర ఆగుతారు.

ఇది చదివే తల్లిదండ్రులకు ఒక మాట. మీ అమ్మాయి ఇలాంటిది చెప్పినప్పుడు "అందుకే వద్దన్నాం" అన్న మాట నోటి దాకా వచ్చినా మింగేయండి. ఆ మాట విన్న పిల్ల రెండోసారి మీకేమీ చెప్పదు.

*

ప్రశ్న: నేను టీచర్ని. రోజూ వెళ్లేటప్పుడు రెండు గంటలు, వచ్చేటప్పుడు రెండు గంటలు బస్సు ప్రయాణం. దారిలో బాత్రూమ్ దొరకదని పొద్దున ఆరింటి నుంచి నీళ్లు తాగను. ఇది చిన్న విషయమే, అడగొచ్చో లేదో.
– ఒక ఉపాధ్యాయిని, మహబూబ్‌నగర్ జిల్లా

జవాబు: చిన్నదేం కాదమ్మా. ఒంటరిగా తిరిగే ఆడవాళ్లలో మనుషులకు భయపడేవాళ్లను ఎంతమందిని చూశానో, బాత్రూమ్‌కి భయపడేవాళ్లను అంతమందిని చూశాను. మా కౌంటర్‌లోనే, నైట్ డ్యూటీలో ప్లాట్‌ఫాం చివరి దాకా నడవలేక నేనూ నీళ్లు మానేసేదాన్ని. ఒక ఎండాకాలం మూత్రంలో మంట, చలిజ్వరం వచ్చి నాలుగు రోజులు ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించుకున్నాను. డాక్టరమ్మ అడిగిన మొదటి ప్రశ్న, "మీరు రోజుకి ఎన్ని నీళ్లు తాగుతారు?"

పూర్తిగా మానకండి. బయలుదేరడానికి గంట ముందు నిండుగా తాగి, ఇంట్లోనే బాత్రూమ్‌కి వెళ్లి బస్సెక్కండి. దారిలో గుక్క గుక్కగా తాగుతూ ఉండండి. హైవే మీద పెట్రోలు బంకుల్లో టాయిలెట్లు ఉంటాయి, బండి ఆగినప్పుడు తాళం చెవి అడగడానికి వెనకాడకండి. ఆడవాళ్లకు బస్సు ఉచితమనే మహాలక్ష్మి పథకం వచ్చాక, 2023 డిసెంబరు నుంచి, మీ బస్సులో ఆడవాళ్లే ఎక్కువ ఉండుంటారు. మీలాగే నోరు కట్టుకుని కూర్చున్నవాళ్లు వాళ్లలో ఎంతమందో! ఒకరోజు పక్కామెను అడిగి చూడండి. నలుగురు కలిసి డిపో మేనేజర్‌కి ఒక కాగితం రాస్తే, మధ్య ఊరి బస్టాండులో ఐదు నిమిషాలు ఎక్కువ ఆపమని అడగొచ్చు.

మిగతా పాఠకులకు నాదో పని. ఈ వారం మీ ఊరి బస్టాండుకి వెళ్లినప్పుడు ఆడవాళ్ల బాత్రూమ్ తలుపుకి లోపల గడియ ఉందో లేదో, నీళ్లు వస్తున్నాయో లేదో, లైటు వెలుగుతోందో లేదో చూసి నాకు ఒక కార్డు ముక్క రాయండి. వచ్చే నెల ఆ ఊళ్ల పేర్లన్నీ ఇక్కడ వేస్తాను.