రెండు రాత్రుల లీడర్‌షిప్ క్యాంపుకు అమ్మాయిని పంపాలా?

ప్రశ్న: మాది అనంతపురం జిల్లాలో ఒక పల్లె. పదహారేళ్లుగా బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాం. మా అమ్మాయి ఇక్కడే ఒక ప్రైవేటు కాలేజీలో ఇంజనీరింగ్ రెండో ఏడాది చదువుతోంది. మార్కులు బాగానే వస్తాయి కానీ నలుగురిలో నోరు తెరవదు. నంది హిల్స్ దారిలో ఒక రిసార్టులో శుక్రవారం సాయంత్రం నుంచి ఆదివారం దాకా యువతకు లీడర్‌షిప్ ట్రైనింగ్ క్యాంపు ఉందని వాళ్ల క్లాసు గ్రూపులో వచ్చింది. ఫీజు 8,500 రూపాయలు. ‘48 గంటల్లో మీలోని లీడర్‌ను బయటికి తెస్తాం’ అని రాశారు. ప్లేస్‌మెంట్లకు పనికొస్తుందని మావారు అంటున్నారు. రెండు రాత్రులు బయట ఉండాలంటే నాకు టెన్షన్‌గా ఉంది. తనను అడిగితే ‘మీ ఇష్టం’ అంటోంది. ఇంట్లో మా మామగారికి షుగర్, బీపీ. ఆయన మందులు చూసుకునేది, హాస్పిటల్‌కు తీసుకెళ్లి డాక్టరుతో కన్నడంలో మాట్లాడేది తనే. బయటికెళ్తే మాత్రం మాట పెగలదు. ఈ శుక్రవారంలోగా డబ్బు కట్టాలట. ఏం చేయమంటారు?
– ఒక తల్లి, మారతహళ్లి

జవాబు: అమ్మా, మీ మామగారి గురించి మాటవరసకు రాసినట్టు రాసిన ఆ రెండు మూడు వాక్యాల దగ్గరే నేను ఆగిపోయాను. పెద్దాయనకు ఏ మాత్ర పరగడుపున వేయాలో, ఏది రాత్రి వేయాలో గుర్తుంచుకోవడం, అయిపోకముందే తెప్పించడం, ఓపీలో టోకెన్ తీసుకుని ఆయన్ను ఓపిగ్గా కూర్చోబెట్టడం, ఆయన తెలుగులో చెప్పిన బాధను డాక్టరుకు కన్నడంలో చెప్పడం, డాక్టరు కటువుగా చెప్పిన మాటను తాతయ్య నొచ్చుకోకుండా మళ్లీ మన భాషలో చెప్పడం. ఇంజనీరింగ్ రెండో ఏడాది చదివే పిల్ల ఇవన్నీ చేస్తోంది. కంపెనీలు లీడర్‌షిప్ అని పేరు పెట్టి వెతికేది ఇలాంటి గుణాన్నే. బాధ్యత తీసుకోవడం మీ అమ్మాయికి వచ్చు. తెలియనివాళ్ల ముందు గొంతు విప్పడం ఇంకా అలవాటు కాలేదు. క్యాంపు వల్ల మేలు జరిగితే ఈ రెండో విషయంలోనే జరగాలి. ఆ లెక్కతోనే దాన్ని చూద్దాం.

ముందు ఆ 48 గంటల సంగతి. సైన్యానికి ఆఫీసర్లను ఎంచుకునే సెలక్షన్ సెంటర్ ఒకటి మన బెంగళూరులోనే ఉంది. అక్కడ ఎస్‌ఎస్‌బి ఇంటర్వ్యూ 5 రోజులు జరుగుతుంది. అభ్యర్థులను గుంపులుగా చేసి, ఎవరు నాయకుడో చెప్పకుండానే ఒక పని అప్పజెప్పి, ఆఫీసరు పక్కన నిలబడి చూస్తాడు. ఎవరిలో ఏముందో కనిపెట్టడానికే అన్ని రోజులు. అందులో ఎంపికై చెన్నైలోని ఆఫీసర్స్ ట్రైనింగ్ అకాడమీకి వెళ్లినవాళ్లకు ఆ తర్వాత 49 వారాల శిక్షణ ఉంటుంది. 1992 నుంచి అమ్మాయిలు కూడా అక్కడ తయారవుతున్నారు. అదే పనిగా పెట్టుకున్న సైన్యానికే దాదాపు ఏడాది పడుతోంది. రిసార్టులో రెండు రోజుల్లో లీడర్‌ను తయారుచేస్తామన్నది ప్రకటన కోసం రాసిన మాట. మీవారికి ఆ సంగతి మెల్లగా చెప్పండి.

అలాగని రెండు రోజులూ దండగ అనను. కొన్నేళ్ల కిందట రామనగర కొండల దగ్గర ఇలాంటి ఒక క్యాంపును దగ్గరుండి చూశాను. పదిమంది పిల్లల కళ్లకు గంతలు కట్టి చేతికి ఒక పొడవాటి తాడు ఇచ్చారు. ఎవరూ తాడు వదలకుండా దాన్ని నలుచదరంగా నిలబెట్టాలి. గడువు 20 నిమిషాలు. మొదలుపెట్టగానే ముగ్గురు కుర్రాళ్లు ఒకేసారి అరవడం మొదలెట్టారు. ఒకడు ‘ఇటు రండి, ఇటు రండి’ అంటాడు. కళ్లు కనిపించనివాళ్లకు ఇటు అంటే ఎటు? చివర్లో నిలబడ్డ ఒక అమ్మాయి మాత్రం ఏమీ మాట్లాడకుండా తాడును మూరలేసి కొలుచుకుంటూ ఆ కొస దాకా వెళ్లి వచ్చింది. మొత్తం ఎన్ని మూరలో, మూలలు ఎక్కడెక్కడ రావాలో ఆమెకు తెలిసిపోయింది. ‘నేనొకటి చెప్పనా’ అంది. ఎవరికీ వినపడలేదు. మళ్లీ అనలేదు. గంతలు విప్పి చూస్తే తాడు గుమ్మడికాయలా ఉంది.

ట్రైనర్ ఎవరినీ ఏమీ అనలేదు. అందర్నీ గడ్డిలో గుండ్రంగా కూర్చోబెట్టి, ‘దారి తెలిసి కూడా చెప్పనివాళ్లు ఎవరు?’ అని అడిగాడు. కాసేపటికి మూడు చేతులు లేచాయి. ‘నేను చెప్పాను సార్, వినలేదు’ అంది ఆ అమ్మాయి. ‘ఎన్నిసార్లు చెప్పావమ్మా?’ ‘ఒక్కసారి.’ ఆయన కుర్రాళ్ల వైపు తిరిగి, ‘ఆ ఒక్కసారి మీకెందుకు వినపడలేదు?’ అన్నాడు. ఇరవై నిమిషాల ఆటకు నలభై నిమిషాల మాటలు. మధ్యాహ్నం మళ్లీ అదే తాడు ఇచ్చారు. ఆ అమ్మాయి ఈసారి ముందు గట్టిగా రెండు చప్పట్లు కొట్టింది. అందరూ ఆగారు. అప్పుడు చెప్పింది.

మీరు కట్టే డబ్బంతా ఆ నలభై నిమిషాలకే. నిర్వాహకులు దాన్ని డీబ్రీఫింగ్ అంటారు. ఈ తరహా శిక్షణకు దారి చూపినవాళ్లలో ముఖ్యుడు కుర్ట్ హాన్. ఆయన 1941లో వేల్స్ తీరంలో నావికులు కాబోయే కుర్రాళ్ల కోసం మొదలుపెట్టిన అవుట్‌వర్డ్ బౌండ్ కోర్సు దాదాపు నెల రోజులు ఉండేది. ఇప్పుడు దాన్ని వీకెండ్‌కు కుదించారు. కుదించినప్పుడు ముందుగా ఎగిరిపోయేది ఈ కూర్చుని మాట్లాడుకోవడమే. జిప్‌లైన్, క్యాంప్‌ఫైర్, డీజే మిగులుతాయి, ఫొటోలకు బాగుంటాయి కాబట్టి. అందుకే మీరు నిర్వాహకులను అడగాల్సిన మొదటి ప్రశ్న ఇది: ప్రతి ఆట తర్వాత ఎంతసేపు మాట్లాడిస్తారు, ఒక్కో ట్రైనర్ దగ్గర ఎంతమంది పిల్లలు ఉంటారు? పది పన్నెండు మందికి ఒకరుంటే మంచిది. అరవై మందికి ఒకే మైకు పట్టుకున్న ఒకే స్పీకర్ అంటే, మాట్లాడనిపిల్ల అక్కడ కూడా మాట్లాడకుండానే తిరిగొస్తుంది.

ఇక ప్లేస్‌మెంట్లు. రెజ్యూమెలో సర్టిఫికెట్ పేరు రాసుకోవచ్చు కానీ దాన్ని చూసి ఉద్యోగం ఇచ్చినవాళ్లను నేను చూడలేదు. హెచ్‌ఆర్ వాళ్లు అడిగేది ‘టీమ్‌లో గొడవ వచ్చినప్పుడు నువ్వేం చేశావు, ఒక సంఘటన చెప్పు’ అని. దానికి చెప్పుకోవడానికి మీ అమ్మాయికి తాతయ్య హాస్పిటల్ కథ ఇప్పటికే ఉంది. కాలేజీలో ఇంకో రెండు తోడైతే చాలు. కాలేజీ వీటీయూ (విశ్వేశ్వరయ్య సాంకేతిక విశ్వవిద్యాలయం) కిందిదైతే డిగ్రీకి 100 యాక్టివిటీ పాయింట్లు కావాలి కదా, ఈ క్యాంపుకు పాయింట్లు వస్తాయని నిర్వాహకులు చెప్పినా నమ్మకండి. అది చెప్పాల్సింది కాలేజీ కోఆర్డినేటర్.

మీ టెన్షన్ సంగతి. అది అనవసరమైన భయమని నేను చెప్పను. రాత్రిళ్లు అక్కడే ఉండే ఆడ ట్రైనర్ ఉన్నారా, అమ్మాయిల గదులు ఎటువైపు, ఒక్కో గదిలో ఎంతమంది, ఫోన్లు తీసుకుంటే రాత్రి ఎవరి నంబరుకు చేయాలి, కొండ ఎక్కించేట్లయితే హెల్మెట్, తాళ్లు ఎవరు చూసుకుంటారు, వాళ్లకు ఆ పనిలో శిక్షణ ఉందా, దగ్గర్లో ఏ హాస్పిటల్ ఉంది, రాత్రంతా ఒక బండి అక్కడే ఉంచుతారా. సరిగా నడిపేవాళ్లు వీటికి తడుముకోకుండా జవాబిస్తారు. ‘ఏం భయం లేదు మేడమ్, మేం చూసుకుంటాం’ అనే మాట ఒక్కటే వినిపిస్తే పంపకండి.

ఇంకొకటి మాత్రం గట్టిగా చెబుతున్నాను. లీడర్‌షిప్ పేరుతో పిల్లల్ని పిలిచి, ఆదివారం మధ్యాహ్నానికి ‘నువ్వు ఇద్దర్ని చేర్చు, వాళ్లు ఇంకో ఇద్దర్ని చేరుస్తారు, నెలకు ఇంత వస్తుంది’ అనే చోట్లున్నాయి. అలా నా దగ్గరికి వచ్చిన ఒక అబ్బాయి అప్పటికే ముగ్గురు క్లాస్‌మేట్ల దగ్గర డబ్బు తీసుకుని కట్టేశాడు. డబ్బు పోయింది, స్నేహాలూ పోయాయి. మనుషుల్ని చేర్పిస్తూ డబ్బు తిప్పే స్కీములను 1978 నుంచే చట్టం నిషేధించింది. క్యాంపులో ఏదైనా కొనాలా, ఎవరినైనా చేర్చాలా అని ముందే అడగండి. అలాగే చిన్నప్పటి బాధలు అందరి ముందు చెప్పించి ఏడిపించే సెషన్లు కొన్నిచోట్ల పెడతారు. అలాంటిది వచ్చినప్పుడు ‘నేను కూర్చోను’ అని లేచి రావచ్చని అమ్మాయికి ముందే చెప్పి పంపండి.

8,500 మీ ఇంటికి బరువైతే దానికోసం అప్పు చేయకండి. ఇదే పనికి ఖర్చు లేని దారులున్నాయి. ఎన్‌ఎస్‌ఎస్ (జాతీయ సేవా పథకం) 1969 నుంచి ఉంది. రెండేళ్లలో 240 గంటల సేవ, ఏడు రోజుల ప్రత్యేక శిబిరం. ఊళ్లో బడి పిల్లల చేత పాట పాడించాల్సి వచ్చినప్పుడు ఎంతటి బిడియస్తులకైనా గొంతు వస్తుంది. మీ అమ్మాయికి కన్నడం కూడా వచ్చు కాబట్టి అక్కడ తన విలువ ఇంకా ఎక్కువ. రోటరీ వాళ్లు ‘రైలా’ పేరుతో యువతకు లీడర్‌షిప్ శిబిరాలు పెడతారు, చాలాచోట్ల ఖర్చు క్లబ్బే పెట్టుకుంటుంది. కాలేజీలో రోటరాక్ట్ క్లబ్ ఉంటే అడగమనండి. డబ్బు కట్టి పంపినా సరే, తిరిగొచ్చిన సోమవారం నుంచి నిలబడి మాట్లాడే చోటు ఒకటి ఉండాలి. అది ఎన్‌ఎస్‌ఎస్ కావచ్చు, క్లాసులో వారానికొక సెమినార్ కావచ్చు, మీ అపార్ట్‌మెంట్ ఉగాది కార్యక్రమం కావచ్చు. అది లేకపోతే రెండో వారానికే అంతా చల్లారిపోతుంది.

తను ‘మీ ఇష్టం’ అందని రాశారు. ఆ మాటకు ‘నాకు భయంగా ఉంది’ అనీ అర్థం కావచ్చు, ‘వెళ్లాలనుంది కానీ ఫీజు ఎక్కువ’ అనీ కావచ్చు. నాన్నగారు లేనప్పుడు, మీరిద్దరే ఉన్నప్పుడు అడగండి. వెళ్లనంటే ఈసారికి వదిలేయండి.

వెళ్తానంటే, శుక్రవారం దాకా ఆగకుండా గురువారం సాయంత్రమే నిర్వాహకులకు ఫోన్ చేయండి. మీరు కాదు, తనే చేయాలి. పైన రాసిన ప్రశ్నలన్నీ ఒక కాగితం మీద రాసిపెట్టుకోమనండి. మీరు పక్కన కూర్చోండి. స్పీకర్ ఆన్ చేసుకోండి. మధ్యలో తను తడబడుతుంది, అవతలివాళ్లు మాట దాటేస్తారు, మళ్లీ అడగాలా వద్దా అని మీ వైపు చూస్తుంది. అప్పుడు మీరు ఫోన్ అందుకోకండి.