తెరమీద బాగున్న బొమ్మ పేపర్లో ఎందుకు మాసిపోతుంది?

చెన్నైలో నీళ్ల ట్యాంకర్ దగ్గర వరుసకట్టిన ప్లాస్టిక్ బిందెల బొమ్మ దినపత్రికకు పంపారు. అచ్చులో ఎర్ర బిందె, నీలం బిందె రెండూ మట్టిరంగుకు తిరిగాయి, గీతల పక్కన రంగు నీడ పడింది. ఇదీ మీ ప్రశ్న.

రంగుల విషయంలో ముందు చూడాల్సింది కాగితాన్ని. న్యూస్‌ప్రింట్ (దినపత్రిక కాగితం) సిరాను పీల్చేస్తుంది, అచ్చులో రంగును కూర్చే సన్నని సిరా చుక్క ఉబ్బుతుంది. మీరు 50 శాతం గాఢతతో వేసిన రంగు 75 దాకా కనబడుతుంది. 50 కావాలంటే 30 దగ్గరే ఆగండి. ఒకేచోట పడే నాలుగు అచ్చు సిరాల (సయాన్ నీలం, మెజెంటా గులాబీ, పసుపు, నలుపు) శాతాలు కలిపితే 240 దాటనివ్వకండి. దాటితే తడి ఆరక ఎదుటి పేజీకి అంటుకుంటుంది. మ్యాగజైన్ ఆర్ట్ పేపర్ అయితే 300 దాకా మోస్తుంది.

బిందె మెడ కింద నీడనే చూడండి. అక్కడ నలుపు కలిపితే బురదే. ఎర్ర బిందెకు అదే ఎరుపును ముదర పెట్టండి, చాలు.

గీతల తప్పు మాత్రం ఫైల్‌దే. ఆర్‌జీబీలో (తెర రంగుల పద్ధతి) గీసి చివర్లో సీఎంవైకేకి (నాలుగు సిరాల అచ్చు పద్ధతి) మారిస్తే నలుపు నాలుగు సిరాలుగా చీలిపోతుంది. ఒక్కో సిరాకు ఒక్కో అచ్చు ప్లేటు ఉంటుంది, అది వెంట్రుకవాసి జరిగినా అంచు చెదిరిపోతుంది. గీతల లేయర్‌ను విడిగా ఉంచి, నల్ల సిరా 100, మిగతా మూడూ సున్నా చేసి, ఓవర్‌ప్రింట్ (కింది రంగును తొలగించకుండా దాని మీదే నలుపు అచ్చయ్యే అమరిక) పెట్టండి. అచ్చయ్యే సైజులో రంగుబొమ్మకు 300 డీపీఐ (అంగుళానికి చుక్కలు), ఉత్త నల్లగీతల బొమ్మకు 1200.

పంపేముందు పత్రిక ప్రీప్రెస్ వాళ్లను (అచ్చుకు ముందు ఫైళ్లు సిద్ధం చేసేవాళ్లు) వాళ్ల ఐసీసీ ప్రొఫైల్, అంటే వాళ్ల కాగితం, సిరాలపై రంగులు ఎలా వస్తాయో చెప్పే ఫైల్, అడిగి తీసుకోండి.