వెనక బాడీని ఒకే అల్యూమినియం కాస్టింగ్‌గా మార్చితే బరువు ఎక్కడ తగ్గుతుంది?

స్టీల్ రేకులతో ఉన్న కారు వెనక అండర్‌బాడీని (కారు కింది చట్రం భాగాన్ని) ఒకే డై కాస్టింగ్‌గా, అంటే కరిగిన అల్యూమినియాన్ని ఒత్తిడితో అచ్చులోకి పంపి పోసిన ఒకే ముక్కగా, మార్చే పని మీకు ఇచ్చారని, గోడ మందం 4 మి.మీ. నుంచి 3కి దించితే బరువు టార్గెట్ అందుతుందా అని మీరు అడిగారు. నేనూ మందం దగ్గరే మొదలుపెట్టి మూడు నెలలు పోగొట్టుకున్నాను. మీకు ఆ టైమ్ పోకూడదని కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు ఒక లెక్క. అల్యూమినియం సాంద్రత స్టీల్‌లో దాదాపు మూడో వంతు. కానీ దాని యంగ్స్ మాడ్యులస్ (లోడ్ పడినా సాగకుండా నిలిచే గుణానికి కొలత) కూడా మూడో వంతే, 210కి బదులు 70 గిగాపాస్కల్స్. నేరుగా లాగే, నొక్కే లోడ్‌కి అంతే స్టిఫ్‌నెస్ కావాలంటే మూడు రెట్లు మందం పెట్టాలి. బరువు మళ్లీ అక్కడికే వస్తుంది. లాభం వంగే చోటే ఉంది. చదును ప్యానెల్‌లో 1 మి.మీ. స్టీల్‌కి 1.44 మి.మీ. అల్యూమినియం సరిపోతుంది, బరువు సగానికి దిగుతుంది. అయితే అంత పలచగా ఇంత పెద్ద భాగాన్ని పోయలేం, లోహం చివరిదాకా చేరకముందే గడ్డకడుతుంది. అందుకే మనకు తగ్గే బరువు సెక్షన్ (అడ్డంగా కోస్తే కనిపించే ఆకారం) లోతులోంచి, రిబ్‌ల (గోడకి బలంగా నిలబెట్టే సన్నటి పక్కటెముకల్లాంటి పట్టీల) అమరికలోంచి రావాలి.

ఇంకొకటి అంచుల్లోంచి వస్తుంది. టెస్లా మోడల్ వైలో సుమారు 70 ముక్కల స్థానంలో ఒక్క కాస్టింగ్ వచ్చిందని మీరు వినే ఉంటారు. ఆ ముక్కలతో పాటు, స్పాట్ వెల్డింగ్ కోసం ఒకదాని మీద ఒకటి ఎక్కిన అంచులూ పోయాయి. మీ పాత డిజైన్‌లో ఆ అంచుల బరువు ఎంతో ఇవాళే లెక్కకట్టండి.

నా తప్పుకి వస్తాను. అది వెనక షాక్ టవర్ (షాక్ అబ్జార్బర్ పైకొనని పట్టుకునే భాగం), దాని కింది రెయిల్ (కారు పొడవునా పోయే దూలం) కలిసిన కాస్టింగ్. స్టీల్‌లో రెయిల్ అంటే రెండు రేకులు కలిపి వెల్డ్ చేసిన డబ్బా. కాస్టింగ్‌లో డై (అచ్చు) తెరుచుకోవాలి కాబట్టి అలాంటి మూసిన డబ్బా రాదు, ఒక వైపు తెరిచే ఉంటుంది. తెరిచిన సెక్షన్ మెలికకి చాలా బలహీనం. నేను దాన్ని రిబ్‌లతో సరిచేయబోయాను. రిబ్ పెట్టిన ప్రతిసారీ స్టిఫ్‌నెస్ కొంచెం, బరువు చాలా పెరిగాయి. ఒకరోజు టూల్ రూమ్ పెద్దాయన స్క్రీన్ చూసి, "లోహం ఎటునుంచి వస్తుందో చెప్పు బాబూ, రిబ్‌ల సంగతి తర్వాత చూద్దాం" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. అప్పటిదాకా గేట్, అంటే కరిగిన లోహం అచ్చులోకి వచ్చే దారి, ఎక్కడో నేను ఆలోచించనే లేదు.

ఆ సాయంత్రమే మొత్తం తుడిచేసి గేట్ నుంచి మొదలుపెట్టాను. రిబ్‌లు లోడ్ దారికి, లోహం పారే దారికి కుదిరేలా ఏటవాలుగా వేశాం. అప్పుడు అవే లోహాన్ని దూరానికి మోసే కాలువలయ్యాయి. రిబ్ మందం గోడ మందంలో మూడింట రెండు వంతులకి మించనివ్వలేదు. మించితే ఆ కూడలి ఆలస్యంగా గడ్డకట్టి లోపల ఖాళీలు మిగులుతాయి. ఇక మెలిక ఎక్కువగా ఉన్న చోట మాత్రమే తెరిచిన వైపు పలచటి ప్లేట్ పెట్టి జిగురు, రివెట్లతో మూసేశాం. రిబ్‌లతో పెరిగిన బరువు నిజంగా దిగింది ఆ ప్లేట్‌తోనే.

ట్రయల్‌లో ఇంకో దెబ్బ తగిలింది. సెల్ఫ్ పియర్సింగ్ రివెట్లు (ముందుగా రంధ్రం లేకుండానే గుచ్చుకునే రివెట్లు) కొడితే గేట్‌కి దూరంగా ఉన్న అంచులోనే పగుళ్లు వచ్చాయి. అదే డ్రాయింగ్, అదే అల్లాయ్. రెండు చోట్ల నుంచి ముక్కలు కోసి లాగి చూస్తే, దూరపు ముక్కలు గేట్ దగ్గరివాటిలో సగం కూడా సాగలేదు. చివరికి చేరే లోహం చల్లబడి, గాలిని, ఆక్సైడ్‌ని మోసుకొస్తుంది. ఓవర్‌ఫ్లోలు (ఆ చల్లబడ్డ లోహం వెళ్లి చేరే గుంతలు) ఆ అంచు అవతలికి మార్చి, అచ్చులోని గాలి లాగే వాక్యూమ్ దారి అటే పెట్టించాం. ఆ అంచుని 2.8 నుంచి 3.2 మి.మీ.కి పెంచాం. బరువు తగ్గించే పనిలో మందం పెంచడానికి మనసు ఒప్పుకోలేదు గానీ, అది సరైన నిర్ణయమే. అప్పటినుంచి క్రాష్ అనాలిసిస్‌లో భాగమంతటికీ ఒకే మెటీరియల్ కార్డు (లోహం బలం, సాగుదల విలువల పట్టిక) వాడను. గేట్ దగ్గర ఒకటి, చివర ఒకటి ఇస్తాను. మీరూ అలాగే చేయండి.

అల్లాయ్ ముందే ఖాయం చేయించుకోండి. హీట్ ట్రీట్‌మెంట్ అవసరమైనదైతే ఇంత పలచటి భాగం క్వెంచింగ్‌లో (వేడి చేసి ఒక్కసారిగా చల్లార్చడంలో) వంకరపోతుంది. అందుకే పెద్ద కాస్టింగ్‌లకి హీట్ ట్రీట్‌మెంట్ అక్కర్లేని అల్లాయ్‌లు వాడుతున్నారు.

చివరగా, బంపర్ వెనక క్రష్ బాక్స్‌ని (దెబ్బ తగిలితే నలిగి శక్తిని పీల్చుకునే డబ్బాని) కాస్టింగ్‌లో కలిపేయమని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. దాన్ని విడిగా ఎక్స్‌ట్రూజన్‌తో (లోహాన్ని రంధ్రంలోంచి నొక్కి తీసిన గొట్టంతో) చేసి బోల్టులతో బిగించండి. పార్కింగ్‌లో తగిలిన దెబ్బ కాస్టింగ్ దాకా వెళ్తే కారు కొన్న మనిషికి రిపేరు ఖర్చు భరించలేనంత అవుతుంది. ఆ బోల్టులు, ఫ్లాంజ్‌ల (బోల్టులు బిగించే అంచుల) బరువు కోసం నేను రెండు రివ్యూల్లో వాదించాల్సి వచ్చింది. మీరూ వాదించండి. మీ గేట్ ఎటువైపు అనుకుంటున్నారో, రెయిల్ సెక్షన్ ఎలా ఉందో ఇక్కడ పెడితే చూసి చెప్తాను.