క్వాలిటీలో పీహెచ్‌డీ చేస్తానంటున్న పాలకొల్లు అమ్మాయికి

పాలకొల్లు నుంచి ఒకమ్మాయి రాసింది. బీఎస్సీ నర్సింగ్ అయ్యాక నాలుగేళ్లు ఐసీయూలో చేసిందట, తర్వాత ఎంహెచ్ఏ (హాస్పిటల్ అడ్మినిస్ట్రేషన్‌లో పీజీ), ఇప్పుడు భీమవరంలో ఒక ప్రైవేటు హాస్పిటల్లో క్వాలిటీ డిపార్ట్‌మెంట్, అంటే వైద్యం సరిగ్గా, భద్రంగా జరుగుతోందో లేదో చూసే విభాగం. "సార్, హెల్త్‌కేర్ క్వాలిటీ మీద పీహెచ్‌డీ చెయ్యాలనుంది, ఏ సబ్జెక్టులో అప్లై చెయ్యాలి, ఉద్యోగం మానెయ్యాలా, నాన్నేమో ఇరవై తొమ్మిదొచ్చాయి ఇంకా చదువేంటి అంటున్నారు" అని.

అమ్మా, ముందు సబ్జెక్టు సంగతి తేల్చేద్దాం. మన దేశంలో సరిగ్గా ఆ పేరుతో సీటు వెతికితే దొరకడం కష్టం, పబ్లిక్ హెల్తో హాస్పిటల్ అడ్మినిస్ట్రేషనో మేనేజ్‌మెంటో ఏదో ఒకదాని కింద చేరి టాపిక్ మాత్రం క్వాలిటీ మీద తీసుకుంటారు. నర్సింగ్‌లో పీహెచ్‌డీ అంటే ఎమ్మెస్సీ నర్సింగ్ అడుగుతారు, నీది ఎంహెచ్ఏ, అంచేత ఆ దారి పక్కన పెట్టెయ్. ముంబై టిస్ (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్), తిరువనంతపురం శ్రీచిత్ర వాళ్ల పబ్లిక్ హెల్త్ విభాగం అచ్యుత మీనన్ సెంటర్, ఇలాంటి చోట్ల ఎవరు ఏ పని చేస్తున్నారో వాళ్ల పేపర్లు తీసి చదువు. గైడ్ దొరికాకే యూనివర్సిటీ, అటునుంచి ఇటు కాదు.

రూల్సు చెప్తాను. యూనివర్సిటీలకి రూల్సు పెట్టే యూజీసీ 2022 రెగ్యులేషన్స్ ప్రకారం పీజీలో 55 శాతం ఉండాలి, రిజర్వేషన్ వాళ్లకి 5 శాతం సడలింపు. కనీసం 3 ఏళ్లు, మామూలుగా 6 ఏళ్ల లోపు, ఆడపిల్లలకి ఇంకో 2 ఏళ్లు ఎక్కువ ఇస్తారు, మొత్తం కోర్సులో 240 రోజుల మెటర్నిటీ, చైల్డ్ కేర్ లీవు కూడా ఉంది, ఇది నాన్నగారికి చదివి వినిపించు. ఉద్యోగం చేస్తూ పార్ట్‌టైమ్‌లో చెయ్యొచ్చు, మీ హాస్పిటల్ నుంచి నో అబ్జెక్షన్ సర్టిఫికెట్ తేవాలి. ఆన్‌లైన్లోనో డిస్టెన్స్‌లోనో పీహెచ్‌డీ ఇప్పిస్తామని ఎవడైనా ఫోన్ చేస్తే పెట్టెయ్, అది చెల్లదు. 2024 నుంచి యూజీసీ నెట్ పరీక్ష స్కోరుతో కూడా పీహెచ్‌డీ అడ్మిషన్లు ఇస్తున్నారు, అందులో సోషల్ మెడిసిన్ అండ్ కమ్యూనిటీ హెల్త్ అని పేపరుంది, నీకు దగ్గరగా ఉంటుంది. అందులోనే జేఆర్ఎఫ్ అనే రీసెర్చ్ ఫెలోషిప్ వస్తే నెలకి 37,000 రూపాయలు, అప్పుడు ఉద్యోగం మానెయ్యడం గురించి ఆలోచించు, అంతవరకు మానొద్దు.

ఇదంతా ఎవరైనా చెప్తారు, నేను అడిగేది వేరే. నీ ప్రశ్న ఏంటి? నెలనెలా హ్యాండ్ వాష్ ఆడిట్ చేసి పర్సెంటేజీ ఎక్సెల్‌లో కొట్టడం, క్వాలిటీ సర్టిఫికెట్ కోసం జరిగే అసెస్‌మెంట్‌కి వారం ముందు ఫైళ్లు నింపడం, ఇవి ఉద్యోగం తల్లీ, రీసెర్చ్ కాదు. గోదావరి మీద ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకొస్తే మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది, వరదొచ్చినప్పుడు గంటగంటకీ చూస్తారు కాబట్టే లంకల్లో వాళ్లని టైముకి గట్టెక్కిస్తారు, అదే ఎప్పుడో మే నెలలో ఒకసారి కొలిచి బోర్డు మీద రాసేస్తే ఎవరికి ఉపయోగం? మన హాస్పిటళ్లలో చాలా లెక్కలు ఆ మే నెల లెక్కలే.

అసలు రీసెర్చ్ ఎలా ఉంటుందో చూడు. అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలో వందకి పైగా ఐసీయూల్లో సెంట్రల్ లైన్ (గుండె దగ్గరి పెద్ద సిరలోకి వేసే గొట్టం) పెట్టేటప్పుడు చేతులు కడుక్కోవడం, క్లోర్‌హెక్సిడిన్ అనే క్రిమినాశక మందుతో చర్మం శుభ్రం చెయ్యడం, అక్కర్లేని లైన్ తీసెయ్యడం లాంటి చిన్న చిన్న పనులు వదలకుండా చేయించారు, ఇన్‌ఫెక్షన్లు 66 శాతం దాకా తగ్గాయి, 2006లో అచ్చయింది. అలాగే ఆపరేషన్ అప్పుడు ఒక్కొక్కటీ సరిచూసుకునే డబ్ల్యూహెచ్ఓ సర్జరీ చెక్‌లిస్టు, 19 అంశాలు, ఢిల్లీతో కలిపి ఎనిమిది నగరాల్లో పెడితే మరణాలు 1.5 శాతం నుంచి 0.8కి దిగాయి, 2009లో. అదే చెక్‌లిస్టు కెనడా ఒంటారియోలో 101 హాస్పిటళ్లలో పెట్టాక చూస్తే మరణాల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు, 2014లో. మన ఉత్తరప్రదేశ్‌లో 120 ఆస్పత్రుల్లో కాన్పుల చెక్‌లిస్టు పెట్టి కోచింగ్ కూడా ఇచ్చారు, లక్షన్నరకి పైగా తల్లుల్ని చూశారు, నర్సులు చేసే పద్ధతి మెరుగైంది కానీ తల్లీబిడ్డల మరణాలు తగ్గలేదు. ఎందుకు? కాగితం ఒకటే కదా, ఒక చోట ప్రాణాలు నిలబెట్టింది ఇంకో చోట ఎందుకు నిలబెట్టలేదు? స్టాఫ్ చాలకా, మందుల్లేకా, డాక్టర్ని ఆపి అడిగే ధైర్యం సిస్టర్‌కి లేకా? ఈ "ఎందుకు" దగ్గరే నీ పీహెచ్‌డీ ఉంది, నాలుగేళ్లు నైట్ డ్యూటీలు చేసినదానివి, బయటినుంచి వచ్చినవాళ్లకి కనపడనివి నీకు కనపడతాయి.

మా అమ్మ విషయం చెప్తాను. ఒక హాస్పిటల్లో డిశ్చార్జి చేస్తూ షుగర్ మాత్ర రాశారు, ఇంట్లో అదే మందు వేరే కంపెనీ పేరుతో అప్పటికే వేసుకుంటోంది, పాతవేం వాడుతున్నారమ్మా అని ఒక్కరూ అడగలేదు, రెండూ వేసుకుంది. మూడో రాత్రి ఒళ్లంతా చెమటలు, మాట తడబడింది, పంచదార నీళ్లు పట్టి మళ్లీ పరిగెత్తాం. ఆ హాస్పిటల్ గోడకి క్వాలిటీ సర్టిఫికెట్ ఉంది. ఆ సిస్టర్ని తిట్టాలనిపించలేదు నాకు, ముప్పై మంది పేషెంట్లకి ఇద్దరున్నారు. డిశ్చార్జి దగ్గర పాత మందులూ కొత్త మందులూ పక్కపక్కన పెట్టి చూసే పని ఎవరిదో అక్కడ ఎవరికీ తెలీదు. మన జిల్లాల్లో చాలామంది ఆర్‌ఎంపీ దగ్గర కొంత, టౌన్లో కొంత వాడతారు కదా, దీని మీద ఒక థీసిస్ రాస్తే చదవడానికి నేనే ముందుంటాను.

కేవలం మేనేజర్ పోస్టు, జీతం కోసమైతే మాత్రం పీహెచ్‌డీ వద్దు, హాస్పిటళ్ల క్వాలిటీ తనిఖీ చేసే అసెస్సర్ ట్రైనింగులు గట్రా చాలు, ఐదారేళ్లు పోగొట్టుకోకు. అలా కాదు అనుకుంటే ఇప్పుడే ఒక వార్డు పట్టు. మీ ఊళ్లో రొయ్యల రైతు కొత్త మేత అన్ని చెరువులకీ ఒకేసారి వెయ్యడు కదా, ఒక చెరువులో వేసి మేత తిన్నాయో మిగిల్చాయో చెక్ ట్రేలో చూసుకుంటాడు, అలాగే ఒకే వార్డు, ఒకే మార్పు, రోజూ లెక్క. పేషెంట్ల డేటా బయటికి వాడాలంటే ఎథిక్స్ కమిటీ పర్మిషన్ ముందే రాయించుకో, అయిపోయాక అడిగితే ఒప్పుకోరు. మూడు నెలల్లో ఏం కనపడిందో రెండు పేజీలు రాసి పంపు, గైడ్‌కి మెయిల్ ఎలా రాయాలో అప్పుడు కూర్చుని చూద్దాం. నాన్నగారిని ఒకసారి ఫోన్ చెయ్యమను, నేను మాట్లాడతాను.