చలికాలంలో కారు కడగడం గురించి మేనకోడలికి

చి. శ్రావణికి, మామయ్య ఆశీస్సులు.

కొత్త కారు రంగే కనిపించకుండా తెల్లటి పొర పట్టేసిందని, ఈ చలిలో నీళ్ళు ముట్టుకోవాలంటేనే వణుకు పుడుతోందని, మార్చి దాకా అలాగే వదిలేస్తే ఏమవుతుందని అడిగావు. వదిలేయవద్దు. రోజూ కడగాల్సిన పని లేదు కానీ, ఆ తెల్లటి పొర రోడ్ల మీద చల్లే ఉప్పే, మంచి రోజు దొరికినప్పుడల్లా దాన్ని వదిలించుకోవాలి. డెట్రాయిట్ దగ్గరి నోవైలో మీరు అద్దెకు తీసుకున్న ఇంటికి గరాజ్ ఉంది కాబట్టి ఇది నువ్వు స్వయంగా చేసుకోగలిగిన పనే. ఉద్యోగంలో ఉన్నంతకాలం కార్ల పెయింట్ షాపులోనే గడిపినవాణ్ణి కనుక కాస్త వివరంగా రాస్తున్నాను, ఓపిగ్గా చదువు.

ఇక్కడి రోడ్ల మీద చల్లేది రాతి ఉప్పు. డెట్రాయిట్ నగరం కిందే వెయ్యి అడుగులకు పైగా లోతున ఉప్పు గని ఉంది, అందులోంచి రోడ్ల కోసం ఇప్పటికీ తవ్వి తీస్తూనే ఉన్నారు. మామూలు నీరు సున్నా డిగ్రీల సెల్సియస్ దగ్గర గడ్డకడుతుంది కానీ, బాగా చిక్కటి ఉప్పునీరు మైనస్ 21 డిగ్రీల దాకా కూడా ద్రవంగానే ఉండగలదు. మంచు గడ్డకట్టకుండా ఉండటానికి రోడ్డుకు కావలసిన గుణమే అది. అయితే ఆ గడ్డకట్టని ఉప్పునీటినే మన చక్రాలు పైకి చిమ్మి, కారు అడుగున ఉన్న ప్రతి సందులోకీ ఎక్కిస్తాయి. చలి మరీ ఎక్కువైనప్పుడు కాల్షియం క్లోరైడ్, మెగ్నీషియం క్లోరైడ్ వంటివి కూడా వాడతారు. అవి గాలిలోని తేమను లాక్కుంటాయి కాబట్టి, రోడ్డు పొడిగా కనిపించే రోజున కూడా కారు అడుగుభాగం తడిగానే ఉంటుంది.

నువ్వు తలుపుల మీది తెలుపు చూసి బెంగపడుతున్నావు కానీ, నన్నడిగితే అది రెండో సంగతి. ఈ కాలపు కార్ల బాడీకి జింకు పూత పూసిన రేకు వాడతారు, దాని మీద ప్రైమరు, రంగు, ఆ పైన క్లియర్‌కోట్ అనే పారదర్శకమైన పూత ఉంటాయి; రాయి తగిలి పెచ్చు లేస్తే తప్ప అక్కడ తుప్పు త్వరగా పట్టదు. అసలు ప్రమాదం కిందనే ఉంది. బ్రేకు గొట్టాలు, సస్పెన్షన్ భాగాలు, పొగగొట్టం, బోల్టులు, ఇంజనును మోసే చట్రం, వీటికి అంతటి రక్షణ లేదు. పాత కార్ల బ్రేకు గొట్టాలు ఉప్పుకు తుప్పుపట్టి చిల్లులు పడుతున్నాయన్న ఫిర్యాదులను పరిశీలించిన అమెరికా రహదారి భద్రతా సంస్థ 2015 ఏప్రిల్‌లో ఒక హెచ్చరిక జారీ చేస్తూ, చలికాలమంతా కారు అడుగుభాగాన్ని తరచూ కడగమనీ, వసంతం రాగానే మరొకసారి క్షుణ్ణంగా కడగమనీ యజమానులకు సూచించింది. విశాఖలో బీచ్ రోడ్డు ఇళ్ళ కిటికీ ఊచలు ఉప్పుగాలికి పొరలు పొరలుగా లేచిపోవడం చిన్నప్పటి నుంచీ చూసినదానివి, ఇక్కడ జరిగేదీ అదే.

ఇందులో చాలామందికి తట్టని విషయం ఒకటుంది. తుప్పు పట్టే వేగం చలిలో తగ్గుతుంది, వెచ్చదనంలో పెరుగుతుంది. అందుచేత ఉప్పు నిండిన కారును వెచ్చటి గరాజ్‌లో పెట్టి, ఎండ కూడా తగలకుండా కాపాడుతున్నామని సంబరపడటం కంటే, బయట చలిలో నిలిపి ఉంచడమే లోహానికి మేలు. గరాజ్‌లో పెట్టేటట్టయితే ముందు అడుగు కడిగి పెట్టాలి.

ఇక రోజు ఎంచుకోవడం. ఉష్ణోగ్రత 40 ఫారెన్‌హీట్, అంటే సుమారు 4 డిగ్రీల సెల్సియస్ దాటిన రోజు, ఎండ ఉండి గాలి లేనప్పుడు, పదకొండు నుంచి రెండు గంటల మధ్య మొదలుపెడితే, సూర్యుడు దిగేలోపు కారు ఆరడానికి వ్యవధి దొరుకుతుంది. జనవరిలో ఇక్కడ పగటి గరిష్ఠ ఉష్ణోగ్రత సగటున సున్నా సెల్సియస్ చుట్టుపక్కలే ఉంటుంది కాబట్టి అలాంటి రోజులు అరుదుగా వస్తాయి. వచ్చినప్పుడు ఊరంతా కార్‌వాష్‌ల ముందు బారులు తీరుతుంది, నువ్వూ ఆ బారులో నిలబడక తప్పదు. మంచు పడి రోడ్లు ఇంకా బురదగా ఉన్న రోజున కడిగితే గంటలో మళ్ళీ మొదటికొస్తుంది కనుక రోడ్లు ఆరేదాకా ఆగు. 20 ఫారెన్‌హీట్, అంటే సుమారు మైనస్ 7 సెల్సియస్ కంటే తక్కువ ఉంటే అసలు ముట్టుకోకు, చల్లిన నీళ్ళు చల్లినచోటే గాజుపొరలా పట్టుకుంటాయి.

పనిని రెండుగా విడదీసుకో. అడుగుభాగాన్ని నాణేలు వేసి మనమే నీళ్ళు కొట్టుకునే సెల్ఫ్ సర్వీస్ కార్‌వాష్‌లో కడుగు. అక్కడి మురుగు శుద్ధి కేంద్రానికి పోతుంది. ఇంటి ముందు కారు నిలిపే మన డ్రైవ్‌వే మీద పారిన సబ్బునీరు మాత్రం వాననీటి కాలువలో పడి, శుద్ధి కాకుండానే రూజ్ నది వైపు సాగిపోతుంది. పైగా డ్రైవ్‌వే మీది నీరు రాత్రికి గడ్డకట్టి మరునాడు పోస్టు తెచ్చే మనిషి కాలు విరగ్గొడుతుంది. నీటి గొట్టాన్ని చక్రాల పైన ఉండే గుంటల్లోకి, తలుపుల కింది అంచు వెంబడి, వెనక బంపరు వెనకభాగంలోకి పెట్టి, కిందికి జారే నీళ్ళలో మట్టి రంగు పోయేదాకా వదలకు. తలుపుల సందుల్లోకి, తాళం రంధ్రంలోకి మాత్రం నేరుగా కొట్టకు.

పైభాగాన్ని ఇంటికొచ్చాక గరాజ్‌లో, మళ్ళీ నీళ్ళు పోసి కడగనవసరం లేని ప్రత్యేకమైన షాంపూతో తుడుచుకోవచ్చు. నేను వాడే రకానికి రెండు గ్యాలన్ల గోరువెచ్చటి నీటిలో ఒక్క ఔన్సు చాలు. నీ సీసా మీద ఏ కొలత రాసి ఉంటే దాన్నే పాటించు. అదే ద్రావణాన్ని పంపు స్ప్రేయర్‌లో పోసి, ఒక తలుపు మీద ధారాళంగా చల్లి, రెండు మూడు నిమిషాలు నాననివ్వు. ఉప్పు రేణువు పదునుగా ఉంటుంది, క్లియర్‌కోట్ మందం 40, 50 మైక్రాన్లకు మించదు, అంటే మన వెంట్రుక కన్నా పలుచన. కాబట్టి నానకముందే గుడ్డ పెట్టి రుద్దితే సన్నటి గీతలు పడతాయి, అవి ఎండలో సాలెగూడులా కనిపిస్తాయి. నానిన తర్వాత మైక్రోఫైబర్ గుడ్డను ద్రావణంలో ముంచి, పిండకుండా కొంచెం నీళ్ళు కారనిచ్చి, నాలుగు మడతలు వేసి, బరువు వేయకుండా పైనుంచి కిందికి ఒకే దిశలో లాగు. ఒక మడత మురికైతే మరో మడత తిప్పు, అన్నీ అయిపోతే ఆ గుడ్డను పక్కన పడేసి కొత్తది తీసుకో; మురికి గుడ్డను మళ్ళీ బకెట్‌లో ముంచకు. అందుకని ఏడెనిమిది గుడ్డలు ముందే సిద్ధంగా పెట్టుకోవాలి. తలుపుల కింది భాగం చివర్లో చెయ్యి, చక్రాలకు వేరే గుడ్డలు ఉండాలి. గిన్నెలు తోమే సబ్బు వాడవద్దు, అది రంగు మీది వ్యాక్స్‌ను కూడా ఊడ్చేస్తుంది.

వేడినీళ్ళు పోద్దామన్న ఆలోచన రానివ్వకు. గడ్డకట్టిన విండ్‌షీల్డ్ మీద వేడినీళ్ళు పడితే, ముఖ్యంగా రాయి తగిలిన చిన్న చుక్క ఏదైనా అప్పటికే ఉంటే, అద్దం అడ్డంగా చీలిపోవచ్చు. మన చేతులు భరించే గోరువెచ్చదనమే హద్దు. ఆ చేతులకు లోపల పలచటి ఉన్ని తొడుగు, పైన నైట్రైల్ తొడుగు వేసుకుంటే తడి లోపలికి రాదు. గరాజ్ తలుపు మూసి ఉండగా హీటరు కోసమని ఇంజను నడపడం ప్రాణాంతకం, కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ లేదు, వాసనా లేదు.

కడగడం కన్నా తుడవడమే పెద్ద పనని గుర్తుపెట్టుకో. కారు ఒంటిని తుడిచాక నాలుగు తలుపులూ, డిక్కీ తెరిచి, అంచుల చుట్టూ ఉన్న రబ్బరు పట్టీలను పొడిగుడ్డతో తుడిచి, సిలికాన్ లూబ్రికెంట్‌ను గుడ్డకు రాసి పట్టీల మీద పలుచగా పూయి. లేకపోతే మర్నాడు ఉదయం తలుపు అతుక్కుపోతుంది, బలంగా లాగితే రబ్బరు చిరిగిపోతుంది. పెట్రోలు మూత, అద్దాల సందులు, వైపర్ల మొదళ్ళు కూడా మరిచిపోకు. ఆ తర్వాత ఖాళీ రోడ్డు మీద ఒకటి రెండు మైళ్ళు నడుపుతూ నెమ్మదిగా బ్రేకులు వేస్తే ఆ వేడికి బ్రేకులు ఆరతాయి. ఆ రాత్రి సమతలం మీద నిలిపి గేరు పార్క్‌లో పెట్టి, పార్కింగ్ బ్రేకు వేయకుండా వదిలేయి. తడిమీద వేస్తే పట్టుకుపోవచ్చు. కొన్ని కార్లలో అది తనంతట తానే పడుతుంది, ఆపే పద్ధతి ఏమిటో మాన్యువల్‌లో ముందే చూసుకో.

కాళ్ళ దగ్గరి చాపల గుడ్డకు పట్టిన ఉప్పు మరకలు సగం వెనిగర్, సగం నీళ్ళు కలిపి తుడిస్తే పోతాయి. చలికాలానికి రబ్బరు చాపలే మేలు.

వ్యాక్స్ పని అక్టోబరులో చేయాల్సింది, ఈ ఏడాదికి దాటిపోయింది. ప్రస్తుతానికి కడిగి ఆరిన కారు ఒంటి మీద రంగును కాపాడే స్ప్రే సీలెంట్ కొట్టి తుడిచినా కొంత నయమే. ఆయిల్ మార్చడానికి వెళ్ళినప్పుడు కారును లిఫ్టు మీదికి ఎత్తుతారు కదా, బ్రేకు గొట్టాలను ఒకసారి చూడమని మెకానిక్‌ను అడుగు; కొత్త కారు కాబట్టి ఇప్పుడు ఏమీ ఉండకపోవచ్చు, అలవాటు మాత్రం చేసుకో.

ఇంటి బయటి కుళాయిని వాడితే, పని కాగానే హోస్ పైపు విప్పేయి. బిగించి ఉంచితే అందులో మిగిలిన నీరు గడ్డకట్టి, గోడలోపలి గొట్టం పగులుతుంది, ఆ సంగతి వసంతంలో కుళాయి తిప్పినప్పుడే తెలుస్తుంది. పంపు స్ప్రేయర్ కొనకు, నా దగ్గర రెండున్నాయి, ఒకటి పక్కన పెట్టాను.

ఆశీస్సులతో,
మామయ్య